ఫ్లాట్‌లో కూర్చుని చేత్తో చెక్క పైప్ చేయొచ్చా: రోజ్‌వుడ్ ముక్క గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో ఫ్లాట్, చిన్న బాల్కనీ, చేతి డ్రిల్ ఒకటి, టింబర్ డిపోలో దొరికిన రోజ్‌వుడ్ ముక్క ఒకటి ఉన్నాయి, రెండు నెలల్లో నాన్నగారి షష్టిపూర్తికి చేత్తో చేసిన పొగాకు పైప్ ఇవ్వాలనుంది, లేత్ లేకుండా కుదురుతుందా, ఆయన సిగరెట్ నుంచి పైప్‌కి మారితే ఒంటికి కొంత నయమేనా అని. లేత్ లేకుండా చక్కగా కుదురుతుంది. రెండు నెలలు కూడా సరిపోతాయి, కాకపోతే కర్ర నేను చెప్పినది తీసుకోవాలి. ఆ రోజ్‌వుడ్ ముక్క మాత్రం వద్దు. సిగరెట్ సంగతి కింద విడిగా రాస్తాను, అది తప్పకుండా చదువు.

రోజ్‌వుడ్ ఎందుకు వద్దంటే, మన వైపు ఇరుగుడు అనే ఆ కర్ర పొడి చాలామందికి పడదు. చర్మం మీద దద్దుర్లు, కళ్ళమంట, ఊపిరి ఇబ్బంది వస్తాయి, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కాస్త పొడి తగిలినా మళ్ళీ మొదలవుతుంది. నూనె ఉన్న కర్ర కాబట్టి వేడి తగిలితే ఆ నూనె, ఆ రసాయనాలు పొగలోకి వస్తాయి. నోట్లో పెట్టుకునే వస్తువుకి అలాంటి కర్ర ఎందుకు? టేకుదీ దాదాపు ఇదే కథ. మామిడి, జీడిమామిడి జిగురు చర్మానికే పడదు, వాటి జోలికి వెళ్ళకు. గన్నేరు మొత్తం విషం, దాని పుల్ల కూడా వాడకూడదు. ప్లైవుడ్, ఎండీఎఫ్‌లలో జిగురు ఉంటుంది కాబట్టి అవీ వద్దు. వైట్‌ఫీల్డ్ గోడౌన్ల దగ్గర ఊరికే దొరికే ప్యాలెట్ చెక్కల మీద ఎంబీ అనే ముద్ర ఉంటే పురుగులు చావడానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టారని అర్థం. ముద్ర లేకపోయినా దాని మీద ఏం ఒలికిందో ఎవరికీ తెలియదు. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తానన్నా తీసుకోకు, అది వేరే రకం తలనొప్పి.

ప్రపంచంలో పైపులు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది బ్రయర్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండల మీద పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద ఇది. వేరుకీ కాండానికీ మధ్య నేలలో ఒక గట్టి బొడిపె కడుతుంది, అది వాడదగ్గంత పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. దాన్ని తవ్వి తీసి, తడి ఆరనీయకుండా ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్ళలో ఉడకబెడతారు, లోపలి చేదు రసం పోవడానికి. తర్వాత నెలల తరబడి నీడలో నెమ్మదిగా ఆరబెడతారు. ఇటలీ, గ్రీస్, స్పెయిన్, అల్జీరియా నుంచి ఎక్కువగా వస్తుంది. ఫ్రాన్స్‌లో జూరా కొండల్లోని సెయింట్ క్లాడ్ అనే చిన్న ఊరు 1850ల నుంచి ఈ బ్రయర్ పైపుల మీదే పేరు తెచ్చుకుంది. అంతకుముందు కూడా అక్కడివాళ్ళు కర్ర తరిమెన పట్టడంలో, అంటే లేత్ మీద తిప్పుతూ చెక్కడంలో, ఆరితేరినవాళ్ళే. బ్రయర్ గొప్పతనం మూడు విషయాల్లో ఉంది: బాగా చిక్కని కర్ర, వేడికి తొందరగా మాడదు, పొగలోని తడిని కొంత పీల్చుకుని మళ్ళీ ఆరిపోతుంది. ఈ మూడూ ఒకేచోట ఉన్న కర్రలు చాలా తక్కువ. ఆలివ్, చెర్రీ, పియర్ కర్రలతో కూడా చేస్తారు, బాగానే ఉంటాయి.

నీకు నా సలహా: మొదటి పైప్‌కి, ముందే రంధ్రాలు వేసి, స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) బిగించి అమ్మే బ్రయర్ బ్లాక్ కొనుక్కో. హాబీ బ్లాక్ అనో, పైప్ కిట్ అనో వెతికితే విదేశీ షాపుల్లో దొరుకుతుంది. కస్టమ్స్ సుంకం పడుతుంది, కొరియర్ ఆలస్యమవుతుంది, అందుకని ఈ వారమే ఆర్డర్ పెట్టు. "రంధ్రాలు వాళ్ళు వేసేస్తే ఇక నేను చేసిందేముంది" అని నీకు అనిపించొచ్చు. చెక్కడం, నునుపు చేయడం, రంగు, మెరుపు అన్నీ నీవే. నాన్నగారి చేతిలోకి వెళ్ళేది సరిగ్గా పనిచేసే వస్తువు కావాలి కదా. రెండోదానికి నువ్వే రంధ్రాలు వెయ్యి, దానికోసమే కింద వివరంగా రాస్తున్నాను.

మన కర్రల గురించి చాలామంది అడుగుతారు. చింత చేవ బాగా గట్టిది, మాంసం కొట్టే మొద్దులు దాంతోనే చేస్తారు. జామ, తుమ్మ కూడా గట్టివే. చేయి అలవాటు కావడానికి ఇవి బాగా పనికొస్తాయి, ఆకురాయి ఎంత ఒత్తాలో, చేవ ఏ వైపు చిట్లుతుందో తెలుస్తుంది. ఊళ్ళో కొట్టేసిన చింతకొమ్మ తెచ్చావనుకో, రెండు చివర్లకూ మైనం గానీ పెయింట్ గానీ పూసి నీడలో పెట్టు, లేకపోతే చివర్ల నుంచి తొందరగా ఆరి పగుళ్ళిస్తుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు. నెలకోసారి తూచి రాసుకో, బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్టు. మామూలుగా అంగుళం మందానికి ఏడాది అంటారు. నీ రెండు నెలలకి అది కుదరదు. ఏటికొప్పాకవాళ్ళు వాడే అంకుడు కర్ర, చన్నపట్నలో ఆలె అనేదీ అదే, చాలా మెత్తన. బొమ్మకి అద్భుతం, నిప్పుకి కాదు. తరిమెన పని చూడాలని ఉంటే మాత్రం ఒక ఆదివారం చన్నపట్న వెళ్ళు, బెంగళూరుకి 60 కిలోమీటర్లే. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనించి ఆ రాపిడి వేడితోనే రంగు ఎక్కించే తీరు చూసి తీరాలి.

ఇప్పుడు అసలు విషయం. పైప్ బాగా కాలుతుందా లేదా అన్నది లోపలి గాలి దారే తేల్చేస్తుంది, పైన ఎంత అందంగా చెక్కినా దాన్ని మార్చలేవు. నేను టూల్‌రూమ్‌లో బతుకంతా రంధ్రాలు వేసినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. మూడు రంధ్రాలు ఉంటాయి. పొగాకు పెట్టే గుంట, దాన్ని చాంబర్ అంటారు, 19 లేదా 20 మి.మీ. వెడల్పు, 35 నుంచి 40 మి.మీ. లోతు. దాని అడుగు నుంచి బయటికి వచ్చే గాలి దారి, ఎయిర్‌వే, 4 మి.మీ. స్టెమ్ దూరే గూడు, మోర్టిస్, 8 మి.మీ. వెడల్పు, 15 నుంచి 20 మి.మీ. లోతు. ఎయిర్‌వే చాంబర్ అడుగున, సరిగ్గా మధ్యకి తేలాలి. అడుగు కన్నా పైకి తేలిందా, కిందున్న పొగాకు కాలకుండా తడిసి ముద్దవుతుంది, పీల్చినప్పుడల్లా గుడగుడమంటుంది, నోట్లోకి చేదు నీళ్ళొస్తాయి. పక్కకి తేలిందా, ఒక వైపే కాలి ఆ గోడ మాడుతుంది.

అందుకని కర్ర ముట్టుకోకముందే కాగితం మీద నిజమైన కొలతకి పక్కవాటు బొమ్మ గియ్యి. మొదటిసారి వంపులు వద్దు, తిన్నగా ఉండే బిలియర్డ్ ఆకారం పెట్టుకో. ఉదాహరణకి బౌల్, అంటే పొగాకు గుంట ఉండే గిన్నె లాంటి భాగం, ఎత్తు 45 మి.మీ., బయటి వెడల్పు 36 మి.మీ. అనుకో. చాంబర్ 19 మి.మీ. వెడల్పు, 36 మి.మీ. లోతు అయితే చుట్టూ గోడ 8.5 మి.మీ., అడుగు 9 మి.మీ. మిగులుతాయి. చెక్కాక కూడా గోడ ఎక్కడా 6 మి.మీ. కన్నా పలచబడకూడదు, అడుగు అంతకన్నా మందంగా ఉంటేనే మంచిది. ఎయిర్‌వే అడుగు అంచు చాంబర్ అడుగుతో సమంగా ఉండాలి కాబట్టి దాని మధ్యగీత కింద నుంచి 11 మి.మీ. ఎత్తులో వస్తుంది. షాంక్, అంటే బౌల్ నుంచి స్టెమ్ వైపు సాగే మెడ, 16 మి.మీ. మందం పెట్టుకుంటే మోర్టిస్ చుట్టూ 4 మి.మీ. గోడ ఉంటుంది. అంతకన్నా పలచన చేస్తే స్టెమ్ దూర్చేటప్పుడు చిట్లుతుంది. ఈ గీతలన్నీ బ్లాక్ రెండు పక్కలా దించుకో. బ్లాక్ పక్కలు ఒకదానికొకటి సమాంతరంగా, అన్ని మూలలూ మూలమట్టానికి సరిగ్గా ఉండాలి. లేకపోతే వైస్‌లో, అంటే ముక్కని కదలకుండా పట్టే ఇనుప బిగింపులో, బిగించినప్పుడే వంకర మొదలవుతుంది.

ముందు మోర్టిస్, ఆ వైస్ కదపకుండా అదే గీతలో ఎయిర్‌వే, చివర్న చాంబర్. ఈ వరస మార్చకు. ఎయిర్‌వే బిట్ పొడవైనది కావాలి, కొంచెం కొంచెంగా దించుతూ, మాటిమాటికీ బయటికి తీసి పొట్టు దులుపుతూ పోవాలి. ఒకేసారి తోస్తే పొట్టు ఇరుక్కుని బిట్ పక్కకి జరుగుతుంది. చాంబర్ మధ్యగీత దాకా వెళ్ళి ఆగు, దాటితే అవతలి గోడలో గుంట పడుతుంది. చాంబర్‌కి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఫ్లాట్ బిట్ చాలు. దాని మూలల్ని గ్రైండర్ మీద గుండ్రంగా అరగదీసి, ముందున్న మేకు లాంటి మొనని బాగా చిన్నది చెయ్యి. అలా చేయకపోతే అడుగు చదునుగా వచ్చి మధ్యలో ఆ మొన గుంట మిగిలిపోతుంది. తక్కువ వేగంలో దించు. బిట్‌కి లోతు దగ్గర టేప్ చుట్టుకో, చివరి రెండు మి.మీ. మాత్రం టేప్‌ని నమ్మకుండా ఆపి ఆపి లోపల టార్చ్ వేసి చూడు.

ఇదంతా చేత్తో పట్టుకున్న డ్రిల్‌తో చేయొద్దు. రెండు డిగ్రీలు వంగితే 60 మి.మీ. వెళ్ళేసరికి 2 మి.మీ. పక్కకి పోతుంది, నీ రంధ్రమే 4 మి.మీ. అయినప్పుడు సగం తప్పినట్టు. ఎస్.పి. రోడ్డులో డ్రిల్ స్టాండ్లు, చిన్న వైస్‌లు దొరుకుతాయి. అది కూడా దండగ అనుకుంటే పీణ్యలోనో కామాక్షిపాళ్యలోనో బెంచ్ డ్రిల్లింగ్ మెషిన్ ఉన్న చిన్న వర్క్‌షాప్‌కి బ్లాక్, బొమ్మ, నీ బిట్లు పట్టుకెళ్ళి అడుగు. పని తక్కువగా ఉన్న పూట వెళితే చేసిపెడతారు, పక్కనే నిలబడి చూడు. కర్రని చేత్తో పట్టుకుని 19 మి.మీ. బిట్ కింద మాత్రం ఎప్పుడూ పెట్టకు. బిట్ పట్టేసిందంటే బ్లాక్ తిరిగి వేళ్ళు విరగ్గొడుతుంది.

స్టెమ్ విషయంలో మనవాళ్ళకి ఒక అనుకూలం ఉంది. మంచి స్టెమ్‌లు ఎక్కువగా చేసేది ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో. అదే ఎబొనైట్ రాడ్‌ని చేత్తో తరిమెన పట్టి పెన్నులు చేసిన ఊరు మన రాజమండ్రి. రత్నం పెన్నులు 1932 నుంచి ఉన్నాయి. ఫౌంటెన్ పెన్నులు చేసేవాళ్ళని అడిగితే రాడ్ ముక్క దొరకొచ్చు, దాంతో స్టెమ్ మొత్తం నువ్వే చేసుకోవచ్చు. మొదటిసారికి అచ్చు పోసిన రెడీమేడ్ స్టెమ్ చాలు. దాని టెనన్, అంటే గూట్లోకి దూరే కాడ, కావాలనే లావుగా ఇస్తారు. కొద్దికొద్దిగా అరగదీసి, 600 నంబర్ గరుకు పేపర్‌తో ముగించి, చేత్తో తిప్పుతూ దూర్చితే గట్టిగా పట్టేలా చెయ్యి. టెనన్ పొడవు మోర్టిస్ లోతు కన్నా అర మి.మీ. మాత్రమే తక్కువ ఉండాలి, మధ్యలో ఖాళీ ఎక్కువైతే అక్కడే పొగ చల్లబడి నీరు పడుతుంది. అంతా అయ్యాక ఒక పైప్ క్లీనర్‌ని, అంటే పైప్ లోపల తుడిచే నూలు చుట్టిన తీగని, నోటి వైపు నుంచి తోసి చూడు, ఎక్కడా తట్టుకోకుండా చాంబర్‌లోకి రావాలి. నేను ఏ పైప్ చేతికొచ్చినా మొదట చూసేది ఇదే. నోట్లో పెట్టుకునే అంచు 4 మి.మీ. మందం దాటితే దవడ నొప్పెడుతుంది. ఎబొనైట్ ఎండకీ తడికీ ఆకుపచ్చగా మారుతుంది కాబట్టి బాల్కనీ గట్టు మీద పెట్టకు.

చెక్కడం సగం ఆనందం, సగం ఓపిక. స్టెమ్ బిగించి ఉంచే చెక్కు. షాంక్, స్టెమ్ కలిసే చోట వేలు పెట్టి చూస్తే మెట్టు తగలకూడదు, విడివిడిగా అరగదీస్తే ఆ మెట్టు ఎప్పటికీ పోదు. అనవసరమైన మూలలు రంపంతో తీసెయ్యి, తర్వాత పెద్ద గరుకు ఆకురాయి, ఆ తర్వాత ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి, షాంక్ బౌల్‌కి కలిసే మెడ వంపులో చిన్న ఆకురాళ్ళు. అక్కడే అందరూ తొందరపడతారు. ఆ వంపు సన్నగా, స్పష్టంగా వస్తే పైప్ మొత్తానికి కళ వస్తుంది. తిన్నటి బిలియర్డ్‌కి ఒక పాత కొలత ఉంది, బౌల్ ఎత్తు, షాంక్ పొడవు, స్టెమ్ పొడవు దాదాపు సమానంగా ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. ఈ పనికి మెషిన్ అక్కర్లేదు కాబట్టి అపార్ట్‌మెంట్‌లో శబ్దం గొడవ ఉండదు. పొడి గొడవ ఉంటుంది. ఎన్95 మాస్క్ పెట్టుకో, కింద తడిగుడ్డ పరుచుకో, పిల్లలు పడుకునే గదిలో చేయకు.

గరుకు పేపర్ 120తో మొదలుపెట్టి 220, 320, 400, 600 అని వెళ్ళు, ఏదీ దాటెయ్యకు. ఒక్కో నంబర్ తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నార లేస్తుంది, ఆరాక మళ్ళీ తోముకో. స్పిరిట్ తడిపి వెలుతురులో చూస్తే మిగిలిన గీతలన్నీ బయటపడతాయి. బ్రయర్‌లో చిన్న చిన్న గుంటలు బయటపడొచ్చు, అది ఆ వేరు స్వభావం, పుట్టీ పెట్టకు. అలాగే వదిలెయ్యి, లేదా ఆ భాగాన్ని చిన్న ఉలితో కావాలనే గరుకుగా చెక్కెయ్యి, చాలా అందంగా ఉంటుంది. రంగుకి తోలుకి వేసే స్పిరిట్ రంగు వాడు. ముందు నల్లది వేసి, ఆరాక 400తో తోమేస్తే మెత్తటి చోట్ల మాత్రమే నలుపు మిగులుతుంది, దాని మీద ఎరుపు గోధుమ రంగు వేస్తే కర్రలోని గీతలు లేచి కనిపిస్తాయి. ఇది చూసిన రోజు నువ్వు ఈ పనికి అలవాటు పడిపోతావు.

పైపూతకి కార్నాబా మైనం. డ్రిల్‌కి గుడ్డ చక్రం తగిలించి రుద్దు. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి చేతికి అంటదు. తేనెమైనం 60 చిల్లరకే కరుగుతుంది, వేడెక్కిన బౌల్ మీద జిడ్డుగా తగులుతుంది. ఇక్కడ పాలిష్ మేస్త్రీలు మెలమైన్ వేసిస్తామంటారు, అద్దంలా ఉంటుందంటారు, ఒప్పుకోకు. వేడికి బుడగలు లేస్తుంది, కర్ర ఊపిరాడకుండా పోతుంది. ఇక చాంబర్ లోపల రంగు, పాలిష్, మైనం ఏదీ తగలకూడదు. రంగు వేసేటప్పుడు లోపల గుడ్డ కుక్కి పెట్టుకో. లోపల వట్టి కర్రగా వదిలేయొచ్చు. లేదంటే గట్టి పెరుగులో యాక్టివేటెడ్ చార్‌కోల్ పొడి కలిపి పలచగా పూసి కొన్ని రోజులు ఆరనివ్వొచ్చు, పైపులు చేసేవాళ్ళు చాలామంది వాడే పద్ధతే ఇది. మొదటి కొన్నిసార్లు సగం దాకానే నింపి నెమ్మదిగా కాల్చాలి, లోపల పలచగా మసి పొర కట్టాకే గోడకి రక్షణ. వేడిగా ఉండగా స్టెమ్ లాగకూడదు. వానాకాలంలో స్టెమ్ కొంచెం బిగుస్తుంది, అది మామూలే, అరగదీయొద్దు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. సిగరెట్ నుంచి పైప్‌కి మారితే నయం అనే మాట నమ్మకు. పైప్ పొగకి కూడా నోరు, నాలుక, గొంతు, ఊపిరితిత్తుల కాన్సర్లు వస్తాయి. అదీగాక ఏళ్ళుగా సిగరెట్ తాగినవాళ్ళు పైప్ పొగని కూడా అలవాటు కొద్దీ లోపలికే పీలుస్తారు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట, తాగిన ఆడవాళ్ళ అంగిళ్ళు ఎలా దెబ్బతిన్నాయో వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. మీ తాతగారు చుట్ట తాగి తొంభై ఏళ్ళు బతికారని రాశావు, సంతోషం, కానీ నాన్నగారికి అది హామీ కాదు. అరవై దాటుతున్న మనిషికి మానడానికి సాయం చేసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడమే నువ్వు చేయదగ్గ మంచి పని. పైప్ మాత్రం చేసి ఇవ్వు. ఒక చిన్న చెక్క స్టాండ్ కూడా చేసి, కాల్చని పైప్‌గా అద్దాల బీరువాలో పెట్టుకోమను. కొడుకు చేతి పని అని వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంటారు. నా దగ్గరున్నవాటిలో చాలావరకు ఒక్కసారి కూడా నిప్పు చూడనివే, నేను పొగ తాగను. చెక్కడం మీద ఇష్టంతో చేస్తాను, అది చాలు ఈ పనికి.

కిట్ ఆర్డర్ పెట్టి, అది వచ్చేలోపు రెండు పనులు చెయ్యి. ఒక చింత ముక్క మీద ఆకురాయి పట్టడం అలవాటు చేసుకో. రెండో పైప్‌కి పైన చెప్పిన కొలతలతో బొమ్మ గీసి, పక్కన స్కేల్ పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు. ఎయిర్‌వే మధ్యగీత, చాంబర్ అడుగు గీత రెండూ స్పష్టంగా కనిపించాలి. బిట్ పెట్టకముందే చూసి చెబుతాను.